మా పాప హారతి టైమ్‌లో ‘ఆమెన్’ అంటోంది, స్కూల్ ప్రేయర్ నుంచి తీసేయమంటారా అక్కా?

ప్రశ్న: అక్కా నమస్తే. మేము రెడింగ్ దగ్గర ఉంటాం, ఇక్కడికొచ్చి మూడేళ్లయింది. పాపకి ఆరేళ్లు నిండాయి, ఇయర్ టూ చదువుతోంది. ఇంటికి అయిదు నిమిషాల నడక అని ఆ స్కూల్లో వేశాం, పేరు చివర సీ ఆఫ్ ఈ, వీసీ అని ఉంటే అదేంటో అప్పుడు పట్టించుకోలేదు. మొన్న దీపావళికి అత్తగారు మామగారు వీడియో కాల్‌లో చూస్తుండగా లక్ష్మీదేవికి హారతి ఇచ్చాను, పాప చేతులు జోడించి కళ్లు గట్టిగా మూసుకుని హారతి అయిపోగానే పెద్దగా ‘ఆమెన్’ అనేసింది. మామగారు ఇంకేం మాట్లాడకుండా ఫోన్ పెట్టేశారు. మా వారేమో సోమవారమే లెటర్ ఇచ్చేద్దాం, ప్రేయరూ వద్దు ఆర్‌ఈ క్లాసూ వద్దు అంటున్నారు. నేను గుంటూర్లో సిస్టర్ల స్కూల్లో పదో తరగతి దాకా చదివాను, రోజూ పొద్దున ప్రార్థన చెప్పినదాన్నే, నాకేం కాలేదు అంటే వినట్లేదు. ఇది చాలదన్నట్టు క్రిస్మస్ నాటకంలో పాపని ఏంజెల్‌గా తీసుకున్నారు. ఇంకో సంగతి, ఆర్‌ఈలో మన గురించి చెప్పారట, “అమ్మా మనకి ఒకటే గాడ్ త్రీ ఫేసెస్ ఉంటాయా, మనం ఆవుకి ప్రేయర్ చేస్తామా” అని అడిగింది, నాకేం చెప్పాలో తెలీలేదు. మీరు స్కూల్లో పనిచేశారని విన్నాను, ఏం చేయమంటారో చెప్పండి.
– ఒక అమ్మ

జవాబు:

చెల్లెమ్మా, ముందు ఆ ఆమెన్ సంగతి మాట్లాడుకుందాం, మీ ఉత్తరంలో బాధంతా అక్కడే ఉంది. అది హీబ్రూ మాట, అలాగే అగుగాక అని అర్థం, మనం తథాస్తు అంటాం చూడండి దాదాపు అదే. అయినా మీ పాపకి ఆ అర్థం తెలిసి అనలేదు, చేతులు జోడించి కళ్లు మూసుకుంటే చివర్లో అందరూ కలిసి ఒక మాట అనాలి అని మాత్రం తెలుసు, స్కూల్లో రోజూ జరిగేది అదే కాబట్టి ఇంట్లో హారతి చూడగానే ‘ఓ ఇది కూడా అదే’ అనుకుని తనకి తెలిసిన మాట అనేసింది. నాకైతే చదవగానే ముచ్చటేసింది, పిల్ల మీ హారతిని ప్రార్థన అని గుర్తుపట్టింది కదా! చాలామంది పిల్లలు ఆ టైమ్‌లో టాబ్లెట్ చూసుకుంటూ ఉంటారు. హారతి చివర ఏమనాలో ఇంట్లో ఎవరూ చెప్పలేదు, స్కూల్లో చెప్పారు, అదొక్కటే తేడా, అది మీరు వారం రోజుల్లో సరిచేసుకోగలరు.

మామగారి కోపం నాకు అర్థమవుతుంది, దాని దగ్గరికి చివర్లో వస్తాను.

నా గురించి ఒక మాట, ఎందుకంటే ఏ అనుభవంతో చెప్తున్నానో మీకు తెలియాలి. మాది తెనాలి, లెస్టర్‌కి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది, ఇక్కడ ఒక కౌన్సిల్ ప్రైమరీ స్కూల్లో పదకొండేళ్లు టీచింగ్ అసిస్టెంట్‌గా చేశాను, నా ఇద్దరు పిల్లలూ ఇక్కడి స్కూళ్లలోనే చదివారు.

మీ ఇంట్లో రెండు వేరే వేరే విషయాలు కలిసిపోయాయి, గొడవ సగం అందువల్లే. ఒకటి కలెక్టివ్ వర్షిప్, అంటే అసెంబ్లీలో అందరూ కలిసి చేసే ప్రార్థన. రెండోది ఆర్‌ఈ, అంటే రెలిజియస్ ఎడ్యుకేషన్, అది లెక్కలు సైన్సు లాగా ఒక క్లాసు. మొదటిది దేవుడికి దణ్ణం పెట్టడం, రెండోది ఎవరెవరు ఎలా దణ్ణం పెడతారో ఎందుకు పెడతారో, కొందరు అసలెందుకు పెట్టరో తెలుసుకోవడం. మన దగ్గర కూడా ఈ తేడా ఉంది. మన రాజ్యాంగంలో 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే స్కూల్లో మతబోధ చేయకూడదు, ఎయిడెడ్ స్కూళ్లలో చేసినా పిల్లల తరఫున తల్లిదండ్రులు ఒప్పుకోకుండా అందులో కూర్చోబెట్టకూడదు, కానీ మతాల గురించి చదువుకోవడం వేరు మతబోధ వేరు అని 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ వారికి ఇది చెప్పండి, మనవాళ్లకి మన కోర్టు మాట తొందరగా ఎక్కుతుంది.

ఇంగ్లండ్‌లో కథ ఇంకో దారిలో నడిచింది. ఇక్కడ చర్చి స్కూళ్లు ప్రభుత్వ స్కూళ్ల కన్నా ముందు నుంచీ ఉన్నాయి, తర్వాత రెండూ కలిసి ఒకే వ్యవస్థ అయ్యాయి, రెండో ప్రపంచ యుద్ధం టైమ్‌లో 1944లో అప్పటి విద్యామంత్రి బట్లర్ తెచ్చిన చట్టంతో ప్రతి స్కూల్లో రోజు మొదలయ్యేటప్పుడు ప్రార్థన ఉండాలి, మతపాఠం ఉండాలి అని పెట్టేశారు. ఇంకే సబ్జెక్టూ చట్టంలో తప్పనిసరి కాదు అప్పుడు, ఇదొక్కటే! అప్పటికి మతం అంటే బైబిలే. తర్వాత మన దేశం నుంచి, పాకిస్తాన్ నుంచి, తూర్పు ఆఫ్రికా నుంచి జనం వచ్చి పిల్లల్ని ఈ స్కూళ్లలో వేశాక టీచర్లకే తెలిసొచ్చింది, తరగతిలో సగం మంది వేరే ఇళ్ల నుంచి వస్తుంటే ఒక్క బైబిల్ కథే చెప్పడం ఎలా అని. బర్మింగ్‌హామ్‌లో 1975లో కొత్త సిలబస్ రాసుకున్నారు, అందులో హిందూ, ఇస్లాం, సిక్కు మతాలూ ఉన్నాయి, మతం లేనివాళ్ల ఆలోచన కూడా చెప్పాలన్నారు, కమ్యూనిజం పేరు కూడా పెట్టడంతో పెద్ద రచ్చే అయింది. ఇప్పుడు నడుస్తున్న నియమాలు చాలావరకు 1988 చట్టంతో వచ్చినవే. ఆర్‌ఈలో క్రైస్తవం ప్రధానంగా ఉంటుంది, కానీ దేశంలో ఉన్న మిగతా ముఖ్య మతాలూ చెప్పి తీరాలి. ప్రార్థన రోజూ ఉండాలి, అది మొత్తంగానో ఎక్కువ భాగమో స్థూలంగా క్రైస్తవ పద్ధతిలో ఉండాలి. అంటే ప్రతిరోజూ అలాగే అని కాదు, టర్మ్ మొత్తం మీద ఎక్కువ రోజులు అని 1994లో వచ్చిన ప్రభుత్వ సర్క్యులర్ వివరించింది.

దీని మీద నా అభిప్రాయం దాచుకోను. ప్రార్థనని చట్టం పెట్టి చేయించే పద్ధతి ఇక పోవాలి. 2021 సెన్సస్‌లో ఇంగ్లండ్, వేల్స్ కలిపి క్రైస్తవులం అని రాసుకున్నవాళ్లే 46.2 శాతం, ఏ మతమూ లేదన్నవాళ్లు 37.2 శాతం. దేవుణ్ణి నమ్మని టీచర్ నమ్మని పిల్లల ముందు నిలబడి దణ్ణం పెట్టండి అనడం దేవుడికీ మర్యాద కాదు పిల్లలకీ మర్యాద కాదు. కానీ పిల్లలందరూ రోజులో ఒక పది నిమిషాలు ఒకచోట కూర్చుని నిశ్శబ్దంగా ఉండటం, ఒక కథ వినడం, కలిసి పాడటం, అది మాత్రం పోకూడదు. మన స్కూళ్లలో ప్రతిజ్ఞ గుర్తుందా, చేయి ముందుకు చాచి అందరం ఒకే గొంతుతో చెప్పేవాళ్లం, 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ ఆఫీసరుగా ఉన్న పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు తెలుగులో రాసింది అది, తర్వాత దేశమంతా అన్ని భాషల్లోకి వెళ్లింది. అందులో దేవుడు లేడు, అయినా ఆ టైమ్‌లో ఎండలో నిలబడి పక్కపిల్ల భుజం తగులుతూ ఉంటే నేను ఒక్కదాన్నే కాదు అని అనిపించేది. అసెంబ్లీలో మీ పాపకి దొరుకుతున్న దాంట్లో ఎక్కువ భాగం అదే అని నేననుకుంటాను.

ఇక మీ స్కూల్ సంగతి. సీ ఆఫ్ ఈ అంటే చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ స్కూల్. కంగారు పడకండి, ఇంగ్లండ్ ప్రైమరీ స్కూళ్లలో దాదాపు నాలుగో వంతు అవే, ఊరికి ఉన్న ఒక్క స్కూలూ అదే అయిన చోట్లు బోలెడు, అన్ని మతాల పిల్లలూ ఉంటారు. ఇక్కడ చూడాల్సింది ఆ వీసీ అనే రెండక్షరాలు, వాలంటరీ కంట్రోల్డ్ అని. ఇలాంటి స్కూల్లో అసెంబ్లీ ప్రార్థన చర్చి పద్ధతిలోనే ఉంటుంది, కానీ ఆర్‌ఈ మాత్రం మామూలుగా కౌన్సిల్ సిలబస్ ప్రకారమే చెప్పాలి, పక్కవీధిలో కౌన్సిల్ స్కూల్లో ఏం చెప్తారో అదే. అదే వీఏ అని ఉంటే, అంటే వాలంటరీ ఎయిడెడ్ అయితే, ఆర్‌ఈ కూడా చర్చి చెప్పినట్టే ఉంటుంది. స్కూలు కౌన్సిల్ చేతిలోంచి ట్రస్టు కిందకి వెళ్తే అకాడమీ అంటారు, అలా అయ్యాక పేర్లు మారిపోతుంటాయి కాబట్టి ఆఫీసులో ఒకసారి అడిగి ఖాయం చేసుకోండి. ఇంత ఎందుకు చెప్తున్నానంటే, మీ వారు రెండూ వద్దు అంటున్నారు కదా, అందులో రెండోది వద్దంటే మీరు చర్చి పాఠాన్ని కాదు, కౌన్సిల్ సిలబస్‌ని వద్దన్నట్టు, దీపావళి గురించి చెప్పే ఆ ఒక్క క్లాసునీ వద్దన్నట్టు.

విత్‌డ్రా చేసే హక్కు మీకు పూర్తిగా ఉంది. ప్రార్థన నుంచి తీసేయొచ్చు, ఆర్‌ఈ నుంచి తీసేయొచ్చు, రెండింటి నుంచీ తీసేయొచ్చు, ఒక భాగం నుంచి మాత్రమే కూడా తీసేయొచ్చు, కారణం చెప్పక్కర్లేదు, హెడ్‌టీచర్‌కి రెండు లైన్లు రాస్తే చాలు, వాళ్లు కాదనడానికి లేదు. వేల్స్‌లో మాత్రం 2022 నుంచి కొత్త సిలబస్‌తో ఆ సబ్జెక్టు పేరే మార్చి విత్‌డ్రా హక్కు తీసేశారు, ప్రార్థనకి ఆ హక్కు అక్కడ కూడా ఉంది. మీరు రెడింగ్ కాబట్టి మీకది వర్తించదు, కార్డిఫ్ నుంచి ఎవరైనా చదువుతుంటే అని చెప్పాను.

హక్కు ఉంది కానీ వాడితే ఎలా ఉంటుందో నేను కళ్లారా చూశాను, అది చెప్తాను.

మా స్కూల్లో ఒక పాప ఉండేది, వాళ్ల మతం ఏదో చెప్పను, హిందువులు కాదు. తల్లిదండ్రులు అసెంబ్లీ నుంచి తీసేశారు. అందరూ వరసలో హాల్‌కి వెళ్తుంటే ఆ పిల్ల వరస చివర నుంచి పక్కకి వచ్చేసి హాల్ బయట నీలం కుర్చీలో కూర్చునేది, నేను పక్కన కూర్చునేదాన్ని, ఎవరో ఒకరు చూసుకోవాలి కదా. రంగులు వేసుకోవడానికి కాగితం ఇచ్చేదాన్ని. తలుపు సందులోంచి పాట వినబడుతూనే ఉండేది, ఆ పిల్లకి పాటలన్నీ వచ్చేశాయి, రంగులు వేస్తూ సన్నగా పాడుకునేది, నేను చూస్తే ఆపేసేది. ఒకరోజు హాల్లోంచి అందరూ ఒక్కసారి ఘొల్లున నవ్వారు, ఎందుకు నవ్వారు మిస్ అని నన్ను అడిగింది, నాకు మాత్రం ఏం తెలుసు నేనూ బయటే ఉన్నాను. తర్వాత ఆటల టైమ్‌లో పిల్లలంతా ఆ జోకే చెప్పుకున్నారు, ఆ పిల్ల అర్థమైనట్టు నవ్వింది. ఆ తల్లిదండ్రులది తప్పని నేననను, వాళ్ల నమ్మకం వాళ్లకి పెద్దది, దానికి ఖరీదు కట్టే హక్కు నాకు లేదు. కానీ మీరు లెటర్ రాసేముందు ఆ నీలం కుర్చీ మీద మీ పాపని ఒక్కసారి ఊహించుకోండి, మీ కారణం అంత పెద్దదేనా చూసుకోండి.

ఇది అలాగే ఉండాలని ఏం లేదు, ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఒక తల్లిదండ్రుల జంట వాళ్ల పిల్లల స్కూలు చర్చి ట్రస్టు కిందకి వెళ్లాక ఇదే విషయం మీద కోర్టుకి వెళ్లారు, విత్‌డ్రా చేసిన పిల్లల్ని ఊరికే కూర్చోబెట్టకుండా అంతే విలువైన వేరే అసెంబ్లీ పెట్టాలని అడిగారు, 2019లో విచారణకి ముందే స్కూల్ ట్రస్టు ఒప్పుకుంది. అది రాజీ కాబట్టి మిగతా స్కూళ్లు కట్టుబడి ఉండాలని లేదు. అయినా మీరు అడగొచ్చు, తీసేస్తే ఆ పది నిమిషాలు పాప ఏం చేస్తుంది అని. మీకు వచ్చే జవాబుని బట్టే సగం నిర్ణయం అయిపోతుంది.

అందరికీ సరిపడేలా అసెంబ్లీ చేయొచ్చా అంటే చేయొచ్చు, మా స్కూల్లో చేశారు. 2021 లెక్కల్లో లెస్టర్‌లో క్రైస్తవులు 24.7 శాతం, ముస్లింలు 23.5, హిందువులు 17.9, ఇక మా బడిలో అయితే ఇంకా కలగాపులగం. అలాంటి చోట కౌన్సిల్ స్కూల్ హెడ్‌టీచర్, స్కూళ్లలో ప్రార్థన, ఆర్‌ఈ సంగతులు చూసే సేక్రే అనే కౌన్సిల్ కమిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు, మా పిల్లలకి ఈ క్రైస్తవ పద్ధతి షరతు సరిపోదు తీసేయండి అని, వాళ్లు ఒప్పుకుంటే అయిదేళ్లు నడుస్తుంది, మళ్లీ చూసుకోవాలి. దాన్ని డిటర్మినేషన్ అంటారు. మా హెడ్‌టీచర్ తీసుకున్నారు. దాంతో అసెంబ్లీ ఎలా ఉండేదంటే, ముందు ఒక కొవ్వొత్తి వెలిగించేవాళ్లు, వెలుగు ఏ ఇంట్లోనైనా ఉంటుంది కదా, తర్వాత ఒక కథ, ఒక వారం నానక్ గారిది ఒక వారం జీసస్‌ది ఒక వారం రాముడిది ఒక వారం వీధిలో తప్పిపోయిన కుక్కది, ఆ తర్వాత “దేవుడితో మాట్లాడాలనుకుంటే మాట్లాడండి, లేకపోతే ఈ కథ గురించి ఆలోచించండి” అనేవాళ్లు, ఒక నిమిషం నిశ్శబ్దం. చివర్లో ఎవరికి అలవాటైన మాట వాళ్లు. ఒకే హాల్లో ఆమెన్, ఆమీన్, ఓం శాంతి మూడూ సన్నగా వినబడేవి నాకు, ఏమీ అనని పిల్లలూ ఉండేవాళ్లు, ఎవరూ ఎవర్నీ వింతగా చూసేవాళ్లు కాదు. కానీ ఈ డిటర్మినేషన్ చర్చి స్కూళ్లకి వర్తించదు, మీ స్కూల్‌ని అలా మార్చమని అడగలేరు. ఆ నిశ్శబ్దం మాత్రం అడగొచ్చు. చాలా చర్చి స్కూళ్లు ఇప్పుడు ప్రార్థన ముందు “మీకిష్టమైతే ఇది మీ ప్రార్థన చేసుకోండి, అప్పుడు ఆమెన్ అనండి” అని చెప్తున్నాయి, మీ దగ్గర అలా చెప్తున్నారో లేదో కనుక్కోండి.

ఇప్పుడు ఆర్‌ఈ. ఇక్కడ నేను గట్టిగానే చెప్తాను, దయచేసి ఆర్‌ఈ నుంచి తీయకండి. ఎందుకో ఒక దీపావళి కథ చెప్తాను.

ఇయర్ త్రీలో దీపావళి పాఠం. టీచర్ మంచి అమ్మాయి, కొత్తగా వచ్చింది, ఉప్పు పిండితో పిల్లల చేత ప్రమిదలు చేయించింది, రంగులు మెరుపులు అద్దించింది, మధ్యలో బ్యాటరీ దీపం పెట్టింది, రాముడు సీత కథ చెప్పింది, అయిపోయింది. నాకు మనసొప్పలేదు. తెనాలి నుంచి సూట్‌కేసులో పాత న్యూస్‌పేపర్లో చుట్టి తెచ్చుకున్న మట్టి ప్రమిదలు పన్నెండు ఉన్నాయి మా ఇంట్లో, మర్నాడు పట్టుకెళ్లాను, దూది, నువ్వుల నూనె కూడా. హెడ్‌టీచర్ నిప్పు అనగానే భయపడింది పాపం, చివరికి ఆటస్థలంలో ఇసుక బకెట్ పక్కన పెట్టుకుని ఒక్కటంటే ఒక్కటే వెలిగించొచ్చు అంది. పిల్లలంతా చుట్టూ గొంతుక్కూర్చున్నారు, నేను దూదిని అరచేతుల మధ్య పెట్టి వత్తి చేస్తుంటే ప్రాణం పెట్టి చూశారు, తలా ఒకటి చేస్తామన్నారు, సగం వత్తులు పురుగుల్లా వచ్చాయి. వెలిగించాక ఒకడు అడిగాడు, దూది ఎందుకు వెంటనే కాలిపోవట్లేదు మిస్, అని. నూనె కాలుతోంది నాన్నా, దూది దాన్ని పైకి పీల్చి ఇస్తోంది అన్నాను. అప్పుడు ఒక పోలిష్ పాప, క్లాసులో నోరు విప్పని పిల్ల, మా వాళ్లు నవంబర్ ఒకటిన తాతల సమాధుల దగ్గర దీపాలు పెడతారు, చీకటి పడ్డాక స్మశానం అంతా వెలుగుతుంది, నాకు భయం వేయదు అని చెప్పింది. టీచర్ నా వైపు చూసింది. ఆ రోజు పాఠం అక్కడి నుంచి ఎక్కడికో వెళ్లింది, పోయినవాళ్ల కోసం ఎవరి ఇంట్లో ఏం చేస్తారు అని అందరూ చెప్పారు, మా అబ్బాయి వయసున్న ఒక ఆంధ్రా పిల్లాడు వాళ్ల నాయనమ్మ కాకికి అన్నం పెడుతుందని చెప్పాడు, ఎవరూ నవ్వలేదు.

మీ పాపని ఈ క్లాసు నుంచి తీసేస్తే అక్కడ కాకి కథ చెప్పేవాళ్లు ఉండరు. అప్పుడు టీచర్ దగ్గర మిగిలేది ఆ వర్క్‌షీట్ ఒక్కటే, ఒకే గాడ్ త్రీ ఫేసెస్ అని. టీచర్లని తప్పుపట్టట్లేదు, ట్రైనింగ్‌లో ఆర్‌ఈకి వాళ్లకి దొరికే టైమ్ చాలా తక్కువ, ఆరు మతాలు ఒక్క మనిషి ఎలా నేర్చుకుంటుంది, పుస్తకంలో ఉన్నది చెప్తుంది. పుస్తకంలో ఉన్న హిందూ మతం నీట్‌గా ఉంటుంది, మన ఇళ్లలో ఉన్నది అలా ఉండదు. మా అమ్మమ్మ గంగానమ్మకి నైవేద్యం పెట్టకుండా ఏ పనీ మొదలుపెట్టేది కాదు, నాన్న రాముడి గుడికి తప్ప ఎక్కడికీ వెళ్లేవాడు కాదు, హైదరాబాదు వాళ్లైతే బోనాలు ఎత్తుతారు, మా పక్కింటి మాస్టారు దేవుడే లేడనేవాడు, ఆయన్ని కూడా పండక్కి భోజనానికి పిలిచేవాళ్లం.

కాబట్టి పాప అడిగినదానికి పెద్ద వేదాంతం చెప్పకండి. మన ఇంట్లో ఏం చేస్తామో చూపించి చెప్పండి. “కొందరు దేవుడు ఒక్కడే అంటారు, కొందరు చాలామంది అంటారు, మన ఇంట్లో లక్ష్మీదేవికి దీపం పెడతాం, తాతయ్య వాళ్ల ఊళ్లో అమ్మవారి గుడికి వెళ్తాం. ఆవు మనకి పాలిస్తుంది, అందుకని సంక్రాంతి మర్నాడు కనుమ రోజు పశువుల్ని కడిగి కొమ్ములకి రంగులేసి బొట్టు పెట్టి థాంక్స్ చెప్తాం” అంటే ఆరేళ్ల పిల్లకి చాలు. కనుమ ఫొటో ఒకటి ఊరి నుంచి తెప్పించి క్లాసుకి పంపండి. హార్వెస్ట్ ఫెస్టివల్ అని వీళ్లు అక్టోబర్ ముందు టిన్నులూ ప్యాకెట్లూ తెమ్మంటారు కదా, పంటకి దండం పెట్టడం అక్కడా ఇక్కడా ఉంది, ఆ పోలిక టీచర్‌కి చెప్తే ఎగిరి గంతేస్తుంది.

పాఠంలో నిజంగా తప్పు ఉంటే మటుకు ఊరుకోకూడదు. ఆర్‌ఈకి దేశం మొత్తానికి ఒకే సిలబస్ లేదు, ఏ కౌన్సిల్ సిలబస్ ఆ కౌన్సిల్‌ది, అయిదేళ్లకోసారి మళ్లీ చూడాలి, మీ వైపు అయితే రెడింగ్, స్లౌ, వోకింగ్‌హామ్ లాంటి బెర్క్‌షైర్ కౌన్సిళ్లు కలిసి ఒకే సిలబస్ వాడుకుంటున్నాయి. ఇందాక చెప్పిన ఆ సేక్రే ప్రతి కౌన్సిల్‌కీ ఉండాలి, చర్చి వాళ్లు, మిగతా మతాల వాళ్లు, టీచర్లు, కౌన్సిలర్లు కూర్చుంటారు, మీటింగులు జనం కోసం తెరిచే ఉంటాయి, వెళ్లి వెనక కుర్చీలో కూర్చుని వినొచ్చు. నేను రెండుసార్లు వెళ్లాను. గుజరాతీ పెద్దలు ఏళ్ల తరబడి ఓపిగ్గా వచ్చి కూర్చుని మన తరఫున మాట్లాడుతున్నారు, తెలుగువాళ్లు ఒక్కరూ కనబడలేదు. ఉగాదికి హాల్ బుక్ చేసి అయిదు వందల మందికి భోజనాలు పెట్టే శక్తి ఉన్నవాళ్లం, టర్మ్‌కి ఒక సాయంత్రం ఆ మీటింగ్‌కి పోలేమా అని నాకు ఇప్పటికీ బాధే. అలాగే 2008లో హారోలో కృష్ణ అవంతి స్కూల్ మొదలైంది, ప్రభుత్వ ఖర్చుతో నడిచే మొట్టమొదటి హిందూ స్కూల్ ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లో కూడా వచ్చింది తర్వాత. మీ వారు అలాంటిదే కావాలంటే అదీ ఒక దారే, దాన్ని తక్కువ చేయను, కానీ రెడింగ్‌లో ఇంటి పక్కన స్కూల్ వదులుకుని ఇల్లు మారేంత కారణం మీ ఉత్తరంలో నాకు కనబడలేదు.

ఇక ఏం చేయాలంటే, సోమవారం లెటర్ ఇవ్వకండి, క్లాస్ టీచర్‌ని పది నిమిషాలు టైమ్ అడగండి, మీ వారినీ తీసుకెళ్లండి, ఆయన వెళ్లకపోతే ఇది తెగదు. అసెంబ్లీ రోజూ ఎలా జరుగుతుంది, పిల్లల్ని ఆమెన్ అనమని చెప్తారా లేక వాళ్ల ఇష్టమా, చర్చికి తీసుకెళ్లే రోజులు ఏవి, ఇవి అడగండి. మేం హిందువులం, పాప కూర్చుంటుంది వింటుంది పాడుతుంది, కానీ ప్రార్థన మాటలు అనాలా వద్దా తన ఇష్టానికి వదిలేయండి అని చెప్పండి, మర్యాదగా చెప్తే ఏ టీచరూ కాదనదు. వీలైతే ఒక అసెంబ్లీకి వచ్చి వెనక కూర్చుంటామని అడగండి, చాలా స్కూళ్లు పేరెంట్స్‌ని రానిస్తాయి. అది చూశాక కూడా మీ వారి మనసు ఒప్పుకోకపోతే అప్పుడు ప్రార్థన ఒక్కదాని నుంచి విత్‌డ్రా చేయండి, అది మీ హక్కు, సిగ్గుపడాల్సింది ఏం లేదు, ఆర్‌ఈని మాత్రం ముట్టుకోకండి.

ఇంట్లో చేయాల్సింది ఇంకోటి ఉంది. హారతి అయ్యాక ఏమనాలో పాపకి నేర్పండి. మీ ఇంటి ఆచారం ఏదైతే అది, హారతి కళ్లకద్దుకుని ‘అమ్మా’ అనడమో, గోవిందా అనడమో, ఒక చిన్న శ్లోకమో. ఊరికే అనమని చెప్తే మర్చిపోతుంది, పని చెప్పండి, గంట తన చేతికి ఇవ్వండి. స్కూల్లో కొవ్వొత్తి ఆర్పే పిల్లకి ఎంత గొప్పో మీకు తెలీదు, వారమంతా ఎదురుచూస్తారు, మన ఇంట్లో కూడా అలాంటి పని ఒకటి తనది అని ఉండాలి. స్కూల్లో ఆమెన్, ఇంట్లో ఇది అని ఒక్కసారి చెప్తే చాలు, స్కూల్లో ఇంగ్లీషు ఇంట్లో తెలుగు మార్చుకున్నట్టే మార్చుకుంటారు, మీరు గుంటూర్లో చేసింది అదే కదా, సిస్టర్ల ముందు ఒకటి మీ అమ్మగారి ముందు ఒకటి.

మామగారికి మీరు కాదు, మీ వారు ఫోన్ చేయాలి. ఆయన భయం ఆమెన్ గురించి కాదు, మనవరాలు తనకి దూరమైపోతోందేమో అని, వేల కిలోమీటర్ల అవతల కూర్చుని ఆ ఒక్క మాట వింటే ఎవరికైనా గుండె కలుక్కుమంటుంది. ఆయన్నే అడగమనండి, నాన్నా వారానికి ఒక కథ పాపకి చెప్పు, ఆదివారం పొద్దున ఇక్కడి టైమ్‌కి, అని. రాముడి కథ టీచర్ చెప్పినదానికన్నా తాతయ్య చెప్పినది వేరేగా ఉంటుంది, పాప సోమవారం స్కూల్‌కెళ్లి మా తాతయ్య ఇలా చెప్పాడు అంటుంది. మా నాన్న నా పిల్లలకి అలాగే ఫోన్లో చెప్పాడు పోయేవరకు, వాలి సుగ్రీవుల యుద్ధం మూడు ఆదివారాలు నడిచింది.

ఏంజెల్ వేషం వేయనివ్వండి. అది నాటకం, మనం చిన్నప్పుడు స్కూల్ యానివర్సరీకి ఎన్ని వేషాలు వేయలేదు. మొదటిసారి అందరి ముందు స్టేజి ఎక్కబోతోంది, మీరిద్దరూ ముందు వరసలో కూర్చోండి, మామగారికి వీడియో పంపేముందు ఒక మాట చెప్పి పంపండి. వేరే పిల్లలు కూడా వీడియోలో ఉంటారు కాబట్టి తీయొచ్చో లేదో స్కూల్‌ని అడగండి, కొన్ని చోట్ల ఒప్పుకోరు. తెల్ల గౌనూ రెక్కలూ సూపర్‌మార్కెట్లలో నవంబరు మధ్యకల్లా వచ్చేస్తాయి, ఆరేడేళ్ల సైజు ముందు అయిపోతుంది, ఈ శనివారమే వెళ్లి తెచ్చేసుకోండి.